ధర పక్కనే స్టార్లూ రాయించండి: కేంద్ర రవాణా మంత్రికి బహిరంగ లేఖ

శ్రీ నితిన్ గడ్కరీ గారికి,
కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల శాఖ మంత్రి,
న్యూఢిల్లీ.

మంత్రిగారూ,

2014 నవంబరులో, మీరు ఈ శాఖ చేపట్టి ఆరు నెలలు కావస్తున్న రోజుల్లో, కార్లను ఢీకొట్టించి భద్రతకు స్టార్లు ఇచ్చే లండన్‌లోని గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ అధ్యక్షుడు మాక్స్ మోస్లీ నిస్సాన్ కంపెనీ అధినేత కార్లోస్ ఘోన్‌కు ఒక ఉత్తరం రాశాడు. అది డాట్సన్ గో అనే కారు గురించి. ఇండియాలో దాని అమ్మకం వెంటనే ఆపండన్నది ఆ ఉత్తరం సారాంశం. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఢీకొట్టించి చూసిన పరీక్షలో పెద్దవాళ్ల రక్షణకు ఆ కారు ఒక్క స్టారూ తెచ్చుకోలేదు. బాడీ ఎంతలా నలిగిపోయిందంటే, దానికి ఎయిర్‌బ్యాగులు బిగించినా ప్రయోజనం ఉండదని పరీక్ష చేసినవాళ్లు తేల్చారు. నిస్సాన్ ఇచ్చిన జవాబు ఇదీ: ఇండియాలో అమలులో ఉన్న నిబంధనలను గో పాటిస్తోంది.

ఆ జవాబు నిజమే. బాధపడాల్సింది కూడా అందుకే. కారు ఎదురుగా దేన్నైనా ఢీకొంటే లోపలి మనుషులకు ఏమవుతుందో కొలిచే పరీక్ష అప్పటికి మన దగ్గర తప్పనిసరి కాదు. కొత్త మోడళ్లకు ఆ నిబంధన 2017 అక్టోబరులో, అప్పటికే అమ్ముడవుతున్న మోడళ్లకు 2019 అక్టోబరులో వచ్చింది. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జులైలో తప్పనిసరి అయింది. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ 2021 దాకా ఆగింది. ఇవన్నీ మీ హయాంలోనే జరిగాయి. ఆ మేరకు దేశం మీకు రుణపడి ఉంది. కానీ కొనేవాళ్ల వైపు నుంచి చూస్తే ఒక పని ఇంకా మిగిలిపోయింది. ఈ లేఖ దాని కోసమే.

ఐదారు లక్షల లోపు కారు కొందామనుకున్న ఇంట్లో మొదట వినపడే ప్రశ్న ఒకటే: ఈ కంపెనీ బండి తీసుకోవచ్చా? బాబాయి మైలేజ్ ఎంతంటాడు. మెకానిక్ స్పేర్లు దొరుకుతాయా అంటాడు. పక్కింటాయన రీసేల్ సంగతి చూసుకోమంటాడు. షోరూంలో సేల్స్ కుర్రాడు టచ్ స్క్రీన్ నొక్కి చూపిస్తాడు, రివర్స్ కెమెరా చూపిస్తాడు, ఆన్‌రోడ్ ధర కాగితం మీద వేసి, నెలకు ఈఎంఐ ఎంత పడుతుందో లెక్క కట్టి ఇస్తాడు. ఇవన్నీ అడగాల్సిన సంగతులే. మధ్య తరగతి డబ్బు ఊరికే రాదు కాబట్టి మైలేజ్ గురించి అడగడం పిసినారితనమేమీ కాదు. అయితే ఒక చౌక బ్రాండు కొనదగ్గదా కాదా అన్నది నిజంగా తేల్చేవి మరో మూడు సంగతులు. గుద్దుకున్నప్పుడు బాడీ నిలబడుతుందా? ప్రకటనలో చూపిన రక్షణ బేస్ మోడల్లో కూడా ఉందా? పదో ఏట కూడా దానికి సామాను దొరుకుతుందా? షోరూంలో చేతికిచ్చే కాగితాల్లో ఈ మూడింటికీ జవాబు ఉండదు.

డాట్సన్ కథ మొత్తం చదివితే ఈ మూడూ కనిపిస్తాయి. 1986 నాటికి నిస్సాన్ పక్కన పెట్టేసిన పాత పేరు అది. ఘోన్ దానికి మళ్లీ ప్రాణం పోశాడు. ఇండియా, ఇండోనేసియా, రష్యా, దక్షిణాఫ్రికా లాంటి దేశాల్లో మొదటిసారి కారు కొనేవాళ్ల కోసమని చెప్పాడు. 2013 జులైలో ఢిల్లీలో గో కారుపై తెర తీశారు. 2014 మార్చిలో 3.12 లక్షల ప్రారంభ ధరతో అమ్మకాలు మొదలయ్యాయి. చెన్నై పక్కన ఒరగడంలోని రెనో-నిస్సాన్ ఫ్యాక్టరీలో తయారీ. 1.2 లీటర్ల ఇంజిన్, విశాలమైన లోపలి చోటు, చక్కటి మైలేజ్. ఆ డబ్బుకు అంత కారు మరొకటి దొరకదని చాలామంది నమ్మారు, ఆ నమ్మకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మొదట్లో ఏ వేరియంట్‌లోనూ ఎయిర్‌బ్యాగ్ లేదు, ఏబీఎస్ లేదు. అదనంగా డబ్బు కడతానన్నా దొరకలేదు. నవంబరులో పరీక్ష ఫలితం వచ్చింది. అయినా కారు అమ్మకంలోనే ఉంది. 2018లో రూపం మార్చినప్పుడు అన్ని వేరియంట్లకూ రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఇచ్చారు. అంటే ఇవ్వడం సాధ్యమే. నాలుగేళ్ల ముందు కొన్నవాళ్లకు మాత్రం ఇవ్వలేదు.

2016 జూన్‌లో అదే బ్రాండు నుంచి రెడీ-గో 2.38 లక్షలకు వచ్చింది. 2019లో దాన్ని ఢీకొట్టించి చూస్తే ఒక స్టార్ దక్కింది. 2022 ఏప్రిల్‌లో నిస్సాన్ డాట్సన్ పేరునే ఇండియాలో ఎత్తేసింది. ఎనిమిదేళ్లలో కథ ముగిసింది. మన దగ్గర సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ఇస్తారు. 2021లో రెడీ-గో కొన్న కుటుంబం చేతిలో 2036 దాకా చెల్లే ఆర్సీ ఉంది. దాన్ని అమ్మిన బ్రాండు మాత్రం మార్కెట్లో లేదు.

ఇక బాడీ సంగతి. ఎయిర్‌బ్యాగులు ఎన్ని అన్న లెక్క దగ్గరే మన చర్చ ఎప్పుడూ ఆగిపోతోంది కాబట్టి దీన్ని కొంచెం విడమరిచి చెప్పుకోవాలి. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ మొదటిసారి ఇండియా కార్లను పరీక్షించింది. మారుతి ఆల్టో 800, టాటా నానో, ఫోర్డ్ ఫిగో, హ్యుందాయ్ ఐ10, ఫోక్స్‌వ్యాగన్ పోలో. ఎయిర్‌బ్యాగులు లేని మోడళ్లు కాబట్టి ఐదింటికీ సున్నాయే వచ్చింది. పేపర్లలో పెద్ద అక్షరాలతో వచ్చిన వార్త అంతవరకే. నివేదికలో అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఆల్టో, నానో, ఐ10ల బాడీ కుంగిపోయింది. ఫిగో, పోలోల బాడీ నిలబడింది. సున్నా ఒకటే అయినా అర్థం వేరు. అదే పోలోను రెండు ఎయిర్‌బ్యాగులతో మళ్లీ ఢీకొట్టిస్తే నాలుగు స్టార్లు వచ్చాయి. ఫోక్స్‌వ్యాగన్ ఆ తర్వాత ఎయిర్‌బ్యాగులు లేని పోలోను ఇండియాలో అమ్మడం మానేసింది. ఎయిర్‌బ్యాగ్ పని చేయాలంటే మనిషి కూర్చున్న చోటు నలగకుండా మిగలాలి. స్టీరింగ్ ఛాతీ మీదికి, డాష్‌బోర్డు మోకాళ్ల మీదికి వచ్చేసిన చోట ఎయిర్‌బ్యాగ్ విచ్చుకున్నా దాని పని అది చేయలేదు. గో విషయంలో మోస్లీ అంత గట్టిగా రాసింది ఇందుకే.

క్విడ్ కథ ఇంకా ఎక్కువ చెబుతుంది. 2015 సెప్టెంబరులో రెనో దాన్ని 2.56 లక్షలకు తెచ్చింది. దాని వెనక ఉన్న ఇంజినీరు జెరార్ దెతూర్బే. ఐదు వేల యూరోల కారుగా పేరుపడిన డాసియా లోగాన్ శ్రేణిని నడిపించినది ఆయనే. చౌక కారును ఎలా చేయాలో ప్రపంచంలో ఆయనకంటే బాగా తెలిసినవాళ్లు అరుదు. చెన్నైలో మకాం పెట్టి, ఒక్కో భాగానికి ఇక్కడి సరఫరాదారులతో బేరమాడి, మొదటి గీత నుంచే ఖర్చును కట్టడి చేసి ఆ కారును నిలబెట్టాడు. ఇంజినీరింగ్‌గా చూస్తే అది గొప్ప పని. కానీ 2016 మే నెలలో మూడు రకాల క్విడ్‌లను ఢీకొట్టిస్తే మూడింటికీ సున్నా వచ్చింది. అందులో ఒకదానికి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ కూడా ఉంది. బాడీని కొంత సవరించి సెప్టెంబరులో మళ్లీ పంపితే ఒక స్టార్ దక్కింది.

ఆ మరుసటి ఏడు, 2017లో, బ్రెజిల్‌లో తయారైన క్విడ్‌ను లాటిన్ ఎన్‌క్యాప్ పరీక్షించింది. దానికి మూడు స్టార్లు వచ్చాయి. అక్కడ ప్రతి క్విడ్‌కూ నాలుగు ఎయిర్‌బ్యాగులు ఇచ్చారు, బాడీకి అదనపు బలం ఇచ్చారు. పేరు ఒకటి, రూపం ఒకటి, కంపెనీ ఒకటి. దేశాన్ని బట్టి లోపలి ఇనుము మారింది. బ్రెజిల్ కొనుగోలుదారు మనకంటే తెలివైనవాడని దీని అర్థం కాదు. రెండు ముందరి ఎయిర్‌బ్యాగులనూ ఏబీఎస్‌నూ 2014 నుంచే తప్పనిసరి చేసిన చట్టం అక్కడ ఉంది, ఢీకొట్టే పరీక్షల ఫలితాల మీద చర్చ అప్పటికే నడుస్తోంది. కంపెనీలు ఏ దేశంలో ఎంత అడిగితే అంత ఇస్తాయి.

కాబట్టి 'ఈ బ్రాండు మంచిదేనా' అన్న ప్రశ్నకు బ్రాండు పేరు చూసి జవాబు చెప్పడం కుదరదు. డాసియానే తీసుకోండి. రొమేనియాకు చెందిన ఆ కంపెనీని రెనో 1999లో కొన్నది. 2004లో లోగాన్ వచ్చింది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి, 2024లో, డాసియా సాండెరో యూరప్ మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన కారు అయింది. అదే సాండెరోకు 2021లో యూరో ఎన్‌క్యాప్ ఇచ్చినవి రెండే స్టార్లు. రెండు స్టార్ల కారును యూరప్‌వాళ్లు ఎగబడి ఎందుకు కొన్నారు? నివేదిక తెరిస్తే పెద్దల రక్షణలో దానికి 70 శాతం మార్కులున్నాయి. డ్రైవర్‌ను హెచ్చరించే, కారును గీత దాటనివ్వని ఎలక్ట్రానిక్ సాయాలు తక్కువగా ఉండటం మొత్తం స్టార్లను కిందికి లాగింది. అదే ఏడాది అదే బ్రాండు నుంచి వచ్చిన ఎలక్ట్రిక్ కారు స్ప్రింగ్ ఒక్క స్టారే తెచ్చుకుంది. పెద్దల రక్షణలో 49 శాతం దగ్గరే ఆగింది. స్ప్రింగ్ అంటే చైనాలో తయారయ్యే ఎలక్ట్రిక్ క్విడ్. ఒకే బ్రాండు, ఒకే ఏడాది, పక్కపక్కన నిలబెట్టిన రెండు కార్లు. మొదటిది నమ్మి కొనదగ్గది, రెండోది ఊళ్లో మెల్లగా తిరిగే పనికైతే తప్ప వద్దనదగ్గది. అక్కడి కొనుగోలుదారుకు ఈ తేడా తెలిసే దారి ఉంది.

చౌకగా చేయాలంటే బాడీ బలహీనంగానే ఉండాలన్న వాదనకు మన దేశంలోనే జవాబు దొరికింది. నానోతో సున్నా తెచ్చుకున్న టాటా కంపెనీయే 2020లో టియాగోతో నాలుగు స్టార్లు, 2021లో 5.49 లక్షల ప్రారంభ ధర పెట్టిన పంచ్‌తో ఐదు స్టార్లు తెచ్చుకుంది. 2024లో దేశంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన కారు పంచ్. నాలుగు దశాబ్దాల తర్వాత మొదటి స్థానం మారుతి చేతి నుంచి జారింది. ఆ అమ్మకాలకు స్టార్లే కారణమని ఎవరూ తేల్చి చెప్పలేరు. కానీ మనవాళ్లకు భద్రత పట్టదు, మైలేజ్ ఉంటే చాలన్న పాత మాట ఇక చెల్లదని మాత్రం చెప్పవచ్చు. 2024 నవంబరులో మారుతి కొత్త డిజైర్ ఐదు స్టార్లతో వచ్చింది. అంటే పోటీ పని చేస్తోంది. జనానికి కనిపించిన చోట పని చేస్తోంది.

ఇక్కడ ఒక ఎదురు వాదనను గౌరవంగా వినాలి. మారుతి చైర్మన్ ఆర్.సి. భార్గవ ఏళ్ల తరబడి చెబుతున్న మాట అది. నిబంధనలు పెంచిన కొద్దీ చిన్న కారు ధర పెరుగుతుంది, కొనలేని కుటుంబం స్కూటర్ మీదే ఉండిపోతుంది, స్కూటర్ అంతకంటే ప్రమాదం కదా అంటారాయన. ఇది తోసిపుచ్చే మాట కాదు. మీ శాఖ లెక్కల ప్రకారమే 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 44 శాతానికి పైగా టూవీలర్ల మీద ఉన్నవాళ్లు. ముందు నిలబడ్డ పిల్లవాడు, వెనక చంటిబిడ్డతో తల్లి, వానలో తడుస్తూ వెళ్లే ఆ బండిని చూసే రతన్ టాటా నానోను తలపెట్టారు. ఏ కారైనా ఆ బండికంటే నయమే.

కానీ ఈ లేఖ అడుగుతున్నది ధర పెంచే నిబంధన కాదు. ఏ కారునూ నిషేధించమనీ అడగడం లేదు. ఒక్క స్టార్ కారును కూడా అమ్ముకోనివ్వండి. దానికి ఒక్క స్టారేనన్న మాట మాత్రం కొనేవాళ్లకు కనిపించాలి.

2021లో మీరే కంపెనీలను ఒక ప్రశ్న అడిగారు. ధనవంతులు కొనే పెద్ద కార్లకు ఎనిమిది ఎయిర్‌బ్యాగులు ఇస్తూ, దిగువ మధ్య తరగతి కొనే చిన్న కార్లకు రెండు మూడుతో ఎందుకు సరిపెడుతున్నారన్నారు. తర్వాత ఆరు ఎయిర్‌బ్యాగుల ముసాయిదా తెచ్చారు. అమలు గడువు 2022 అక్టోబరు నుంచి 2023 అక్టోబరుకు జరిగింది. ఆఖరికి 2023 సెప్టెంబరులో తప్పనిసరి చేయబోమని ప్రకటించారు. అప్పటికే 2023 ఆగస్టు 22న మన సొంత స్టార్ల పరీక్ష భారత్ ఎన్‌క్యాప్‌ను ప్రారంభించి ఉన్నారు. కొనేవాళ్లు స్టార్లు చూసి ఎంచుకుంటారు, కంపెనీలు వాటి కోసం పోటీ పడతాయి అన్నది దాని వెనక ఉన్న ఆలోచన. ఆలోచన మంచిదే. ఎంపికను కొనేవాళ్లకే వదిలేసినప్పుడు, ఎంచుకోవడానికి కావలసిన సమాచారం వాళ్ల ముందు పెట్టడం ప్రభుత్వం పూచీ అవుతుంది. ఆ పూచీ సగమే తీరింది.

ఎందుకంటే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షకు కారు పంపడం కంపెనీ ఇష్టం. మంచి మార్కులు వస్తాయన్న ధీమా ఉన్న కారునే ఎవరైనా ముందు పంపుతారు. 2023 డిసెంబరులో మొదటి ఫలితాలు వచ్చిన టాటా హ్యారియర్, సఫారీ రెండూ అప్పట్లో 15 లక్షలకు పైన మొదలైన కార్లు. రెండింటికీ ఐదు స్టార్లు. సంతోషమే. కానీ స్టార్ల సమాచారం అన్నిటికంటే ఎక్కువ అవసరమైనది నాలుగైదు లక్షల కారు కొనే ఇంటికి. 2023 ఏప్రిల్‌లో గ్లోబల్ ఎన్‌క్యాప్ చెబితే తప్ప, ఆల్టో కె10కు పెద్దల రక్షణలో రెండు స్టార్లు, పిల్లల రక్షణలో సున్నా అని బయటివాళ్లకు తెలిసే దారి లేకపోయింది. వ్యాగన్ ఆర్‌కు పెద్దల రక్షణలో ఒకటి, పిల్లల రక్షణలో సున్నా. ఆ రెండూ మన పల్లెల్లో, పట్టణాల్లో వీధికొకటి చొప్పున కనిపించే కార్లు. మారుతి 2025లో ఆల్టో కె10కూ వ్యాగన్ ఆర్‌కూ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇచ్చింది. మెచ్చుకోవాల్సిన పనే. పోలో, గో నేర్పిన పాఠం గుర్తున్నవాళ్లు ఆ తర్వాత అడిగే ప్రశ్న ఒకటే: ఆరు ఎయిర్‌బ్యాగులున్న కారుకు ఎన్ని స్టార్లు? ఆ జవాబు ధర పక్కనే ఉండాలి. ఈ లేఖలోని మొదటి కోరిక అదే: కారును స్టార్ల పరీక్షకు పంపడం తప్పనిసరి చేసి, వచ్చిన స్టార్లను ధర కాగితం మీద రాయించండి.

ఖర్చు ఎక్కువని ఎవరూ అనలేరు. భారత్ ఎన్‌క్యాప్ ప్రారంభించిన రోజు మీరే చెప్పారు, విదేశాల్లో రెండున్నర కోట్లయ్యే పరీక్ష ఇక్కడ సుమారు 60 లక్షలకు అవుతుందని. లక్ష కార్లు అమ్ముడయ్యే మోడల్‌కు అది కారు ఒక్కింటికి 60 రూపాయలు. షోరూం వాళ్లు తాళాలు ఇచ్చేటప్పుడు పట్టే స్వీట్ బాక్స్ అంతకంటే ఎక్కువ పడుతుంది.

ఇది మన దేశానికి కొత్త పద్ధతీ కాదు. ఏసీ కొనడానికి వెళ్తే ప్రతి యంత్రం మీదా బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ స్టార్లు అతికించి ఉంటాయి. 2010 నుంచి అది తప్పనిసరి. ఒక స్టార్ ఏసీ అమ్మేవాడు దాని మీద ఒక స్టారే అతికించాలి. కరెంటు బిల్లు దగ్గర వర్తించిన న్యాయం కారు దగ్గర వర్తించకపోవడానికి కారణం కనిపించదు. అమెరికాలో 2007 సెప్టెంబరు నుంచి కొత్త కారు అద్దానికి అంటించే ధర కాగితం మీదే ప్రభుత్వ క్రాష్ టెస్టు స్టార్లూ ముద్రిస్తున్నారు. అక్కడ స్థిరపడిన లక్షల మంది తెలుగువాళ్లు ఆ కాగితం చూసే కారు కొంటున్నారు. ఇక్కడున్న వాళ్ల తల్లిదండ్రులకు మాత్రం ఆ వసతి లేదు.

మన దగ్గర ఆ ధర కాగితం ఎలా ఉండాలన్నదీ ముఖ్యమే. స్టార్ల సంఖ్య ఒక్కటే వేస్తే చాలదు. మారుతి స్విఫ్ట్‌కు 2018లో రెండు స్టార్లు, 2022లో ఒకటి వచ్చింది. మధ్యలో గ్లోబల్ ఎన్‌క్యాప్ కొలతలు కఠినం చేసింది. ఏ ఏడాది, ఏ కొలతలతో వచ్చిన స్టార్లో చెప్పకపోతే జనం మోసపోతారు. పెద్దలకు ఎన్ని, పిల్లలకు ఎన్ని అన్నది విడిగా ఉండాలి. పరీక్షకు వెళ్లింది ఏ వేరియంటో, కొనేవాళ్ల ముందున్నది అదే వేరియంటో కాదో ఉండాలి. అన్నిటికంటే పైన, ఇంగ్లీషు రాని రైతు కూడా చదువుకునేలా, ఆ రాష్ట్ర భాషలో ఒక వాక్యం: 'ఢీకొన్నప్పుడు బాడీ నిలబడింది' లేదా 'నిలబడలేదు'. సాండెరో లాంటి రెండు స్టార్లకూ, బాడీ కుంగిపోయి వచ్చిన రెండు స్టార్లకూ ఉన్న తేడా ఆ వాక్యంతో తెలిసిపోతుంది.

నాలుగు వరుసల రహదారుల మీద కార్లకు గంటకు 100 కిలోమీటర్ల గరిష్ఠ వేగాన్ని 2018లో మీ శాఖే నిర్ణయించింది. తప్పనిసరి పరీక్ష జరిగే వేగం 56. స్టార్ల పరీక్ష జరిగేది 64 దగ్గర. ఆ ఎనిమిది కిలోమీటర్ల తేడా అంకెల్లో చిన్నదిగా కనిపిస్తుంది గానీ, వేగం పెరిగితే ఢీకొనే శక్తి దాని వర్గంతో పెరుగుతుంది కాబట్టి అది 30 శాతం అదనపు దెబ్బ. నిబంధనలు పాటించానన్న మాట ఒక్కటే కొనేవాళ్లకు ఎందుకు సరిపోదో ఇక్కడ తేలిపోతుంది.

ఇక మూడో సంగతి, స్పేర్లు. బాడీ గట్టిగా ఉన్న కారు కొన్నంత మాత్రాన సమస్య తీరదు. 2014లో బాడీ నిలబడ్డ ఫోర్డ్ ఫిగో కొన్నవాళ్లు, 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇండియాలో తయారీ ఆపుతున్నట్టు ప్రకటిస్తే వినాల్సి వచ్చింది. అంతకుముందు 2017 చివర్లో జనరల్ మోటార్స్ షెవ్రొలే అమ్మకాలు ఆపేసింది. స్పార్క్, బీట్ లాంటి చిన్న కార్లు కొన్నవాళ్లు మిగిలారు. ఇంకా వెనక్కి వెళ్తే మటీజ్‌ను అమ్మిన దేవూ కంపెనీయే కుప్పకూలింది. సర్వీసు, విడిభాగాలు కొనసాగిస్తామని వెళ్లిపోయేటప్పుడు కంపెనీలు చెబుతాయి, కొన్ని నిలబెట్టుకుంటాయి కూడా. కానీ ఊరికి దగ్గర్లోని షోరూం మూతపడ్డాక సర్వీసు అంటే జిల్లా దాటి వెళ్లడమే. హెడ్‌లైటు పగిలితే, బంపర్ విరిగితే విజయవాడ ఆటోనగర్‌కో సికింద్రాబాద్ రాణిగంజ్‌కో మనిషిని పంపి, పాత బండి నుంచి తీసిన భాగమైనా దొరుకుతుందేమోనని వెతికించాలి. అక్కడి మెకానిక్కుల చేతి పనితనం గొప్పది, ఆగిపోయిన ఎన్నో బ్రాండ్ల కార్లు వాళ్ల వల్లే రోడ్డు మీద తిరుగుతున్నాయి. అయితే ఎయిర్‌బ్యాగ్ మాడ్యూలునో, ఏబీఎస్ సెన్సర్‌నో, సీటు బెల్టు యంత్రాన్నో చేతి పనితనంతో తయారుచేయలేరు. భద్రతకు సంబంధించిన భాగాలు కంపెనీ నుంచే రావాలి. అందుకే ఈ లేఖలోని రెండో కోరిక: ఇండియాలో కారు అమ్మే ప్రతి కంపెనీ, అమ్మకాలు ఆపిన రోజు నుంచి ఎన్నేళ్లపాటు భద్రతా భాగాలు సరఫరా చేస్తుందో ముందే రాతపూర్వకంగా పూచీ పడాలి. ఆర్సీ 15 ఏళ్లకు ఇస్తున్నప్పుడు ఆ పూచీ కనీసం పదేళ్లు ఉండటం న్యాయం. ఆ సంఖ్య కూడా ధర కాగితం మీదే ఉండాలి. కొత్తగా వచ్చే బ్రాండుకు ఇది భారం కాదు, నిజానికి మేలు. పేరు తెలియని కంపెనీ అని వెనకాడే కుటుంబానికి అంతకంటే మంచి భరోసా దొరకదు.

మీ చేతిలో నేరుగా లేని విషయం ఒకటుంది, అయినా మీ మాట అక్కడ చెల్లుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. పెట్రోల్ కారుకు ఆ తగ్గింపు రావాలంటే పొడవు నాలుగు మీటర్లు, ఇంజిన్ 1200 సీసీ దాటకూడదు. పొడవు కొలుస్తున్నారు, ఇంజిన్ కొలుస్తున్నారు. లోపలి మనిషి బతుకుతాడా అన్నది ఆ కొలతల్లో లేదు. ప్రజల డబ్బుతో రాయితీ ఇస్తున్నప్పుడు కనీసం పరీక్షకు వెళ్లిన కారుకే అన్న షరతు పెట్టమని జీఎస్టీ మండలిని మీరు అడగవచ్చు. ఎన్ని స్టార్లన్నది తర్వాతి మాట, ముందు పరీక్షకు వెళ్లాలి.

మూడో కోరిక పాత కార్ల గురించి. మొదటి కారు సెకండ్ హ్యాండ్‌లో కొనే కుటుంబాలు ఎన్నో. మార్కెట్ నుంచి వెళ్లిపోయిన బ్రాండ్ల కార్లు అక్కడ చౌకగా దొరుకుతాయి, ఆశ పుట్టిస్తాయి. మీ శాఖ ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే రిజిస్ట్రేషన్ ఎప్పుడు, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా అన్నవి ఇప్పుడే కనిపిస్తున్నాయి. ఆ పక్కనే ఆ మోడల్‌కు ఏ ఏడాది ఏ పరీక్షలో ఎన్ని స్టార్లు వచ్చాయో, దాని మీద రీకాల్ ఏమైనా పెండింగ్‌లో ఉందో చూపించండి. రీకాల్ నిబంధనలు 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నాయి. ఆ సమాచారం బండి నంబరుకు ముడిపడితే, అమ్మేవాడు దాచినా కొనేవాడికి తెలుస్తుంది.

ఈ మూడు కోరికల్లో మొదటిదానికి పార్లమెంటు దాకా వెళ్లాల్సిన పని లేదు. భారత్ ఎన్‌క్యాప్ వచ్చింది సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో చేర్చిన 126ఈ నిబంధన ద్వారా. ఆ నిబంధనలో స్వచ్ఛందం అన్న చోట తప్పనిసరి అని మారుస్తూ, పది లక్షల లోపు కార్లతో మొదలుపెట్టి మీ శాఖ ఒక ముసాయిదా ప్రకటన ఇవ్వవచ్చు. దానిపై అభ్యంతరాలు, సూచనలు కోరినప్పుడు కంపెనీల తరఫున సంఘాలు ఎలాగూ రాస్తాయి. కొనేవాళ్ల తరఫున వచ్చిన మొదటి సూచనగా ఈ లేఖను ఫైల్లో చేర్చుకోగలరు.